పెకలించిన చెట్టు మొద్దు – దానిని పొలమున విడువరాదు

మన గ్రామములలో ఏ దిక్కునకు పోయినను, గట్టు ప్రక్కనో, కళ్లము మూలనో, బాట యొడ్డుననో, వేళ్లు ఆకాశమునకు చాచి పడియున్న మొద్దు ఒకటి కనబడకపోదు. అది చింతదో, మామిడిదో, తుమ్మదో, కొబ్బరిదో అయి యుండును. "ఎప్పుడు తీయించితిరి?" అని యజమానుని అడిగినచో, "మొన్ననేనండి, రెండేండ్లయినది" అని ప్రత్యుత్తరము వచ్చును. చెట్టు కొట్టువారు కొట్టిరి. కలప కొనువారు కొనిపోయిరి. యంత్రము వచ్చి గంటసేపటిలో మొద్దును పెకలించి బాడుగ పుచ్చుకొని పోయినది. మొద్దు మాత్రము రైతునకే మిగిలినది.

పూర్వము మొద్దు తీయుట పెద్ద పని. నలుగురు కూలీలు పలుగులతోను, పాఱలతోను రెండు మూడు దినములు చుట్టును త్రవ్వి, కనబడిన వేరునెల్ల గొడ్డలితో నఱకి, మన్ను రాల్చి, గుంటలోనే దానిని చీల్చి ముక్కలుగా పైకి తెచ్చెడివారు. అనగా తీయుటయు చీల్చుటయు ఒకే పనిగా నుండెను. నేడు యంత్రము మొదటి సగమును గంటలో ముగించుచున్నది. రెండవ సగము ఎవరును చేయక నిలిచిపోవుచున్నది. ఆ రెండవ సగమును గుఱించియే ఈ వ్యాసము. అనుభవము గల పెద్దరైతుల నడిగి తెలిసికొన్నదియు, మొద్దుల దగ్గఱ నిలిచి చేయించి చూచినదియు, వ్యవసాయ శాస్త్రజ్ఞులు నిర్ణయించి చెప్పినదియు కలిపి ఇచట వ్రాయుచున్నాము.

మొద్దు వలన నష్టమేమి?

"పడియున్న మొద్దు అన్నము అడుగునా? ఉండనిండు" అని కొందఱందురు. మొద్దు అన్నము అడుగదు గాని అన్నము పండు చోటును అడుగును. నాలుగడుగుల మొద్దు నాలుగడుగుల నేలనే ఆక్రమించునని యనుకొనరాదు. నాగలి గాని ట్రాక్టరు గాని దాని చుట్టును తిరుగవలెను గదా! ఆ మలుపులో దున్నక విడిచిన నేల, అందు పెరిగిన కలుపు, ఆ కలుపు విత్తనము చేనంతట చల్లుకొనుట – ఇవియన్నియు లెక్కకు రావలెను. వేళ్ల సందులలో ఎలుకలు కాపురము చేయును; ఎలుకల కొఱకు పాములు వచ్చును. కుళ్లుచున్న కట్టెలో చెదలు పుట్టలు పెట్టి, అచటినుండి పాక నిట్రాళ్లకును వాసములకును ప్రాకును. వీనియన్నిటిని మించిన నష్టము కొబ్బరి మొద్దు వలన కలుగును. దానికి దృష్టాంతముగా మేము చూచిన యొక సంగతిని చెప్పెదము.

ఒక సరిహద్దు కథ

కొబ్బరితోటలు గల యొక గ్రామమున ఇద్దఱు రైతులకు ఒకే సరిహద్దు. ఊరి పేరును, మనుష్యుల పేర్లును చెప్పము. పెద్దగాలికి ఇద్దఱి తోటలలోను చెట్లు కూలినవి. వయసున పెద్దవాడు తన చెట్ల బోదెలను వచ్చిన ధరకు అమ్మి, పదునాలుగు మొద్దులను యంత్రముచే పెకలింపించి సరిహద్దు వెంబడి కుప్ప పెట్టించెను. అవి తమంతట తామే కుళ్లి ఎరువగునని ఆయన తలంపు. చిన్నవాడు మన వంటి సంఘమొకదానిలో అప్పు తీసికొని నలువది కొబ్బరి మొక్కలు నాటెను.

రెండవ వర్షకాలము గడచునప్పటికి ఆ మొక్కల ఆకులు కత్తెరతో కత్తిరించినట్లు కనబడసాగినవి. మువ్వు విప్పుకొనగనే విసనకఱ్ఱ అంచువలె కోతలు. తొమ్మిది మొక్కలు మువ్వు ఎండి చచ్చినవి. ఎరువు మంచిది కాదేమో యని ఒకరు, నారు మంచిది కాదేమో యని ఒకరు అనిరి. అప్పు వాయిదా పెంచుడని యడుగుటకు ఆ రైతు వచ్చినప్పుడు, వాయిదా సంగతి తరువాత చూతమని, మేము ముందుగా తోటకు పోయితిమి. సరిహద్దునందలి మొద్దులలో ఒకదానిని గడ్డపాఱతో పెల్లగించి చూడగా, మెత్తబడిన కట్టెలో వ్రేలెడు లావున తెల్లని పురుగులు కొడవలివలె వంగి పడుకొనియున్నవి. ఒక్క మొద్దులోనే డెబ్బదికి పైగా లెక్కించితిమి.

పెద్దరైతు చూచి చాలసేపు మాటాడలేదు. పిదప, "మొద్దులు నావైనవి గాని, పురుగులకు గట్టు తెలియదు గదా, తమ్ముడూ" అనెను. మఱునాటినుండి ఇద్దఱును తమ కూలీలను కలిపి నాలుగు దినములలో పదునాలుగు మొద్దులను ముక్కలు చేయించి, పురుగులను ఏరించి, కట్టెను ఆఱబెట్టించిరి. తొమ్మిది మొక్కలకు బదులు క్రొత్తవి నాటిరి. కాని కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు అయిదాఱేండ్లు పట్టును గనుక, పోయిన కాలము పోయినదే. నాలుగు దినముల పని మొదటనే చేసియుండినచో ఆ నష్టము లేకపోయెడిది.

జాతి నెఱిగి పని మొదలిడుట

మొద్దులన్నియు ఒకటి కావు. చింత, తుమ్మ, వేప, మామిడి మొదలగు చెట్ల కట్టెలో నడిమి చేవయు, దాని చుట్టును తెల్లకట్టెయు ఉండును. ఎండినపుడు నడిమినుండి అంచునకు పగుళ్లు పడును. ఆ పగుళ్లే చీల వేయువానికి దారి. కొబ్బరి, తాడి అట్టివి కావు. వాని బోదెలో వలయములు లేవు. వెలుపల గట్టిగాను, లోపల మెత్తగాను నారలు పేర్చినట్లుండును. అందు చీల వేసినచో మెత్తని కట్టెలో దిగబడునే గాని మొద్దు చీలదు. కనుక మొదటి జాతిని చీల్చవలెను. రెండవ జాతిని అడ్డముగా కోయవలెను. ఈ భేద మెఱుగక కొబ్బరి మొద్దుపై సమ్మెటతో దినమంతయు శ్రమించి విసిగి విడిచిపెట్టినవారిని మేమెఱుగుదుము.

చేవకట్టె మొద్దును చీల్చు విధము

మొదటి పని మన్ను రాల్చుట. మొద్దు పైకి వచ్చినపుడు వేళ్లతోకూడ బండెడు మన్ను వచ్చును. అది పొలపు పై మన్ను, సారవంతమైనది. గుంట పూడ్చుటకు కావలసినది. మన్నుతో నున్న మొద్దుపై రంపము వేసినచో పండ్లు మొక్కవోవును. చైనురంపమైనచో గొలుసు అరపూటలో పాడగును. గడ్డపాఱ మొనతో వేళ్ల సందులను పొడిచి, కఱ్ఱతో కొట్టి, వీలైనచో నీటితో కడుగవలెను. వేళ్ల నడుమ చిక్కుకొన్న రాళ్లను తప్పక తీయవలెను.

రెండవ పని వేళ్లు నఱకుట. ఇది పచ్చిగా నున్నపుడే చేయవలెను. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెత ఇచటను వర్తించును: పచ్చిగా తెగని వేరు ఎండిన పిదప గొడ్డలిని వెనుకకు త్రోయును. మొద్దును ప్రక్కకు ఒరగించి, రాళ్లతో అటు ఇటు దొర్లకుండ బిగించి, ప్రక్కవేళ్లను మొదలంటి కోయవలెను. వేళ్లు పోయిన మొద్దు సగము తేలికయగును; దొర్లించుటకు ఇద్దఱు చాలుదురు.

మూడవ పని కొంతకాలము ఆగుట. మొద్దు కోతముఖమును పైకి పెట్టి ఒకటి రెండు మాసములు ఎండలో నుంచినచో పగుళ్లు కనబడును. చింతమొద్దును మాత్రము ఎక్కువకాలము ఉంచరాదు. దాని నారలు ఒకదానితో నొకటి పెనవేసికొని యుండుటచే, మిక్కిలి ఎండినచో ఇనుమువలె నగును. పగులు కనబడినదే తడవుగా దానికి పని మొదలిడవలెను.

నాలుగవ పని చీలలు వేయుట. దీనికి ఇనుపచీలలు మూడైనను నాలుగైనను, నాలుగైదు కిలోల సమ్మెట ఒకటి, తుమ్మకఱ్ఱతో చేసిన లావుపాటి కొయ్యచీలలు కొన్ని కావలెను. అనుభవము లేనివాడు మొద్దు నట్టనడుమ చీల పెట్టి కొట్టును. అది తప్పు. నడుమనుండి పెద్దమొద్దును ఒకేసారి రెండు చేయుట ఎంతటి బలవంతునికైనను కష్టము. అంచునుండి లోపలికి రావలెను. మొద్దును చుట్టి చూచినచో, రెండు పెద్దవేళ్లు విడిపోవుచోట లోయవంటి పల్లము కనబడును. ఒక్కొక్క వేరు నారలు వేఱువేఱుగా దిగుటచే ఆ పల్లమునందు కట్టె పట్టు తక్కువ. కోతముఖముమీద ఆ పల్లమునకు ఎదురుగా నున్న పగులును ఎన్నుకొని, అంచునకు అర అడుగు లోపల మొదటి చీలను పెట్టి మెల్లగా కొట్టి నిలువబెట్టవలెను. పిదప గట్టిగా కొట్టవలెను. పగులు తెఱచుకొన్న వెంటనే రెండవ చీలను దాని ముందు పెట్టినచో మొదటిది వదులగును. సందు వెడల్పైన పిదప కొయ్యచీలను దిగగొట్టి ఇనుపచీలను తీసికొనవచ్చును. ఇట్లు చుట్టును ఒలుచుకొని రాగా నడిమి దుంగ మిగులును. అది అప్పటికి చిన్నదగుటచే రెండు మూడు చీలలకే లొంగును.

పగులు లేని మొద్దునకు పగులును మనమే కల్పింపవచ్చును. వడ్రంగి బర్మాతో అంగుళపు రంధ్రములను మూడు నాలుగు అంగుళముల యెడముతో ఒకే వరుసలో లోతుగా పొడిచినచో, చీల ఆ వరుస వెంబడి దారి తీసికొనును. ముడులు గల భాగమున ఎంత కొట్టినను చీలదు; దానిని రంపముతో కోసి వేఱుచేయుటయే మేలు.

జాగ్రత్తలు

ఇనుపచీల తల సమ్మెటదెబ్బలకు పుట్టగొడుగువలె అంచులు విచ్చుకొనును. ఆ అంచుతునక తెగి ఎగిరినచో కన్ను పోవును. అట్టి అంచులను ఎప్పటికప్పుడు ఆకురాయితో అరగదీయవలెను. కంటికి అద్దములు పెట్టుకొనవలెను. గొడ్డలిని చీలగా పెట్టి దానితలపై సమ్మెటతో కొట్టరాదు; గొడ్డలి కన్ను పగులును. సమ్మెట ఆడు దిక్కున ఎవరును నిలువరాదు. ఇంటిముంగిట పెరిగిన చెట్టు మొద్దులో పాతకాలపు మేకులును, పశువులను కట్టిన గొలుసుల కొంకులును దాగియుండును. చైనురంపము వాడుటకు ముందు చూచుకొనవలెను.

1910 ప్రాంతమున అమెరికాలో రైతులు డైనమైటు పెట్టి మొద్దులను పేల్చుట వాడుకలో నుండెను. ప్రేలుడు మందు కంపెనీలు రైతుల కొఱకు ప్రత్యేకముగా పుస్తకములు కూడ అచ్చువేసినవి. మన దేశమున 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము ననుసరించి అనుమతి లేక అట్టి మందును ఉంచుకొనుటయే నేరము. క్వారీవారి దగ్గఱ కొంచెము దొరకునని ఆశపడువారు చేతులు పోగొట్టుకొందురు. ఆ తలంపే వలదు. మొద్దుమీద కిరసనాయిలు పోసి అంటించుటయు వ్యర్థమే. నూనె మండి ఆఱిపోవును, మొద్దు నల్లబడి నిలుచును, మనిషికి కాలిన గాయములు మిగులును.

చీలిన కట్టె దేనికి?

అంతయు పొయ్యిలోనికే పంపుట సంపదను బూడిద చేయుట. చింతమొద్దు నడిమిభాగము నారలు పెనవేసికొని యుండుటచే కత్తిదెబ్బకు పెచ్చులూడదు; అందుచేతనే మాంసము కొట్టువారు దానిని కోరికొందురు. పూర్వము గానుగలకును, రోకళ్లకును చింతచేవను వాడిరి. అట్టి దుంగ ఒకటి చక్కగా వచ్చినచో చీల్చుటకు ముందే బేరము చూచుకొనవలెను. తుమ్మచేవ నాగళ్లకును బండిచక్రపు కుంభములకును పేరుపొందినది; నేడు ఆ గిరాకి తగ్గినను, పాఱలకును గొడ్డళ్లకును పిడులుగా, దడికి గుంజలుగా పనికివచ్చును.

మిగిలిన వంకరముక్కలకు బొగ్గు మంచి దారి. చింతబొగ్గును, తుమ్మబొగ్గును వేడి యెక్కువగల బొగ్గులు. కమ్మరికొలుములకు అవి శ్రేష్ఠములు. ముక్కలను బాగుగా ఎండనిచ్చి, గుంటలో దగ్గఱగా పేర్చి, పైన ఆకులను, ఆకులపై తడిమన్నును కప్పి, గాలికి చిన్నచిన్న రంధ్రములు విడిచి అంటించవలెను. తెల్లనిపొగ పలుచనై నీలమైనపుడు రంధ్రములను మూసి, పూర్తిగా చల్లారువఱకు తెఱవరాదు. కట్టె బరువులో అయిదవవంతు బొగ్గు వచ్చినచో పని బాగుగా జరిగినట్లే. ఆ పొగ విషవాయువు గనుక గుంటపైకి వంగి చూడరాదు. పిల్లలను దగ్గఱకు రానీయరాదు.

కాల్చుట

కట్టెకు గిరాకి లేనిచోట, తెగులు తగిలిన మొద్దుల విషయమునను, కాల్చుట తప్పదు. మొద్దును మొద్దుగా కాల్చబూనినచో వారములు పట్టును. ముక్కలుగా చేసి ఎండినవానిని అడుగున, పచ్చివానిని పైన పేర్చి కాల్చినచో ఒక రాత్రిలో ముగియును. వేసవిగాలులలో కాల్చరాదు. తాటాకుపాకలకును, గడ్డివాములకును దూరముగా, గాలిలేని వేళ, కుండలతో నీరు సిద్ధపఱచుకొని అంటించవలెను. నేలలో మిగిలిన వేరు లోలోపల రగులుచు మఱునాడు వేఱొకచోట పైకి వచ్చుట కలదు. కనుక రెండవ దినమున చేయిపెట్టి చూచి నీరు పోయవలెను.

బూడిదను విడువరాదు. అందు పొటాషును సున్నమును కలవు. కొబ్బరికిని, అరటికిని, కూరగాయలకును మంచిది. కాని యూరియాతోను, అమ్మోనియం సల్ఫేటుతోను, పచ్చిపేడతోను కలిపినచో వానియందలి నత్రజని గాలిలో కలిసిపోవును. వేఱువేఱుగా, కొన్ని దినముల యెడముతో వేయవలెను. చవుడునేలలకు బూడిద పనికిరాదు.

పాతిపెట్టుట

కొందఱు యంత్రముతోనే పెద్దగోయి తీయించి మొద్దును అందులో పడద్రోసి కప్పివేయుదురు. కంటికి కనబడకుండుట వేఱు, లేకుండుట వేఱు. కట్టె కుళ్లునపుడు చుట్టునున్న నత్రజనిని సూక్ష్మజీవులు తీసికొనును గనుక ఆ చోట పైరు కొన్నేండ్లు పసుపుపచ్చగా నుండును. పిదప నేల క్రుంగి నీరు నిలుచును. బంజరుమూలన పాతిన పాతవచ్చును. కాని రెండుచోట్ల ఎన్నటికిని పాతరాదు: ఇల్లు గాని పాక గాని కట్టదలచిన చోటును, చెఱువుగట్టును.

గట్టు గండి పూడ్చునపుడు మొద్దులను వేళ్లతో సహా పడవైచి పైన మన్ను పోయుట కొన్ని గ్రామములలో చూచితిమి. ఆ యేడు గట్టు గట్టిగానే నిలుచును. కట్టె కుళ్లిన పిదప దాని చోట బొరియ మిగులును. వేరు ఎంత పొడవున్నదో బొరియయు అంత పొడవుండును. నీరు ఆ బొరియ వెంబడి మెల్లగా కాఱి, మన్నును కొట్టుకొనిపోయి, ఒక రాత్రి గట్టునే తెంపును. ఒకని మొద్దు ఊరివారందఱి పంటను ముంచుట యనగా ఇదియే.

కొబ్బరి మొద్దు – దాని యత్యవసరము

కొబ్బరిచెట్టునకు తల్లివేరు లేదు. మొదలునుండి వేలకొలది సన్నని వేళ్లు నలుదిక్కులకు పోవును. అందుచే పెనుగాలికి చెట్టు మొద్దుతో సహా ఒరగుట సాధారణము. 1996 నవంబరు 6వ తేదీని కోనసీమ మీదికి వచ్చిన తుపానును, 2014 అక్టోబరు 12వ తేదీని విశాఖపట్టణము దగ్గఱ తీరము దాటిన హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరు 11వ తేదీని శ్రీకాకుళము జిల్లాలో పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు తోటలను కూల్చిన తిత్లీని మన రైతులు మఱువలేరు. తుపాను ఒకనాటిది, అది విడిచిపోయిన మొద్దులలో పుట్టు పురుగు ఏండ్ల తరబడిది.

కొమ్ముపురుగు నడచుకొను తీరును రైతు ఎఱుగవలెను. ఆడుపురుగు కుళ్లుచున్న కట్టెలోను, పేడకుప్పలోను గ్రుడ్లు పెట్టును. జీవితకాలమున నూఱుకు పైగా పెట్టును. పది పండ్రెండు దినములలో పిల్ల బయటపడి, మూడు నాలుగు మాసములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, కుళ్లుకట్టెను తినుచు పెరిగి, గూడుకట్టి, మూడు వారములకు రెక్కలపురుగై వెలువడును. తెల్లపురుగు కొబ్బరిని ముట్టదు. రెక్కలు వచ్చిన నల్లపురుగే రాత్రివేళ ఎగిరి మువ్వులో దూరి తినును. అది చేసిన గాయములోనికి ఎఱ్ఱముక్కుపురుగు వచ్చి గ్రుడ్లు పెట్టినచో పెద్దచెట్టు కూడ చచ్చును. కనుక చెట్టుపై పురుగును పట్టుటకంటె మొద్దులో పురుగును పుట్టనీయకుండుట సులభము.

ఒక విదేశపు సంగతి ఇచట చెప్పదగినది. పసిఫిక్ మహాసముద్రమునందలి సమోవా దీవులలో 1909 వఱకు కొమ్ముపురుగు లేదు. ఆ యేడు సింహళమునుండి తెచ్చిన రబ్బరు మొక్కలతో అది చేరినది. అచటి కొబ్బరితోటలు దశాబ్దములపాటు దాని బారినపడినవి. 1963లో మలయాలో ఆ పురుగునకు రోగము కలిగించు ఒక వైరస్‌ను హ్యూగర్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. 1967లో దానిని సమోవాలో విడిచిన పిదప పురుగు తగ్గినది. ఆ వైరస్‌ను, మెటారైజియం అను ఆకుపచ్చ బూజును నేడు మన దేశమునందును కొబ్బరితోటలలో వాడుచున్నారు. అయినను కుళ్లిన మొద్దులు నిండుగా నున్న తోటలో ఏ మందును ఒంటరిగా గెలువలేదు.

కొబ్బరి మొద్దు విషయమున చేయవలసిన పనులివి. చెట్టు కూలిన పిదప కట్టె మెత్తబడకముందే, అనగా వచ్చు వానలకు ముందే, పని ముగింపవలెను. వేళ్లను గొడ్డలితో చెక్కి, మన్ను దులిపి, మొద్దును జానెడు మందము బిళ్లలుగా అడ్డముగా కోయవలెను. చైనురంపమున్నచో ఒక మొద్దునకు ఎక్కువసేపు పట్టదు. ఆ బిళ్లలను గొడ్డలితో రెండు మూడుగా పగులగొట్టి ఎండలో పఱచవలెను. ఎండిన కట్టెలో పురుగు పుట్టదు. తేమ కలిగి కుళ్లిన కట్టెయే దానికి కావలెను. ఎండిన బిళ్లలు వంటకును, బట్టీలకును పోవును. ఇదివఱకే మెత్తబడిన మొద్దైనచో, పగులగొట్టి తెల్లపురుగులను ఏరి చంపవలెను. కోళ్లను విడిచినచో అవియే ఏరుకొని తినును. పేడకుప్పను కూడ అప్పుడప్పుడు తిరుగవేసి పురుగులను ఏరవలెను. రెక్కలపురుగులకు, ఒక కిలో ఆముదపుపిండిని అయిదు లీటర్ల నీటిలో నానబెట్టి కుండలతో తోటలో నుంచినచో, వాసనకు వచ్చి అందు పడి చచ్చును.

గానోడెర్మా అను బూజువలన మొదలు కుళ్లి చచ్చిన చెట్టైనచో జాగ్రత్త మఱింత కావలెను. మొదలునుండి ఎఱ్ఱని బంక కాఱుటయు, పిదప మొదట పుట్టగొడుగులవంటి పెంకులు పుట్టుటయు దీని గుర్తులు. బూజు మొద్దులోను వేళ్లలోను నిలిచియుండి ప్రక్కచెట్ల వేళ్లకు అంటును. ఇట్టి మొద్దును వేళ్లతో సహా తీసి అచటనే కాల్చవలెను. ఇతర తోటలకు మోయరాదు. తెగులు తగిలియు నిలిచియున్న చెట్టు చుట్టును నాలుగడుగుల దూరమున రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకము త్రవ్వవలెను. తెగులు చెట్టు పాదునుండి మంచి చెట్టు పాదునకు నీరు పాఱనీయరాదు. చెట్టునకు ఏటేట అయిదు కిలోల వేపపిండి వేయుటయు, ట్రైకోడెర్మా కలిపిన పశువుల ఎరువు వేయుటయు, అరటిని అంతరపంటగా పెట్టుటయు శాస్త్రజ్ఞులు చెప్పిన ఉపాయములు. సందేహము గలవారు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానము వారిని అడిగి తెలిసికొనవచ్చును.

గుంటను మఱువరాదు

మొద్దు పోయిన పిదప గుంట మిగులును. వానకు నీరు నిండిన గుంట ఎంత లోతో పసివారికి తెలియదు, పశువులకును తెలియదు. గుంటలో మిగిలిన వేళ్లను ఏరి, రాల్చిన మన్నును అర అడుగు పొరలుగా పోయుచు ప్రతి పొరను దిమ్మిసతో కొట్టవలెను. నేలమట్టముకంటె అర అడుగు ఎత్తుగా విడిచినచో ఒక వర్షకాలమునకు సమమగును. అంతవఱకు చుట్టును ముండ్లకంప వేయుట రైతు ధర్మము.

సంఘము చేయదగిన పని

నాలుగు చీలలు, రెండు సమ్మెటలు, ఒక బర్మా, ఒక పెద్దరంపము, మొద్దును గుంటనుండి పైకి లాగుటకు ఒక గొలుసు కప్పీ – ఇవి ఒక్కొక్క రైతు కొనుట దండుగ. ఏటికి రెండు దినముల పనికై ఎవరును కొనరు. సంఘము ఒక సెట్టు కొని, సభ్యులకు స్వల్ప బాడుగకు వంతులవారీగా ఇచ్చినచో గ్రామమున కొకటి చాలును. చైనురంపమును మాత్రము పని నేర్చినవాని చేతనే పంపవలెను. యంత్రమును పిలిపించునపుడు కూడ ఒకరొకరుగా గాక నలుగురు సభ్యులు కలిసి పిలిచి, పెకలించుటయే గాక మొద్దును దొర్లించి మన్ను దులుపుటకును బేరము కుదుర్చుకొనవలెను. చెట్టు కొట్టుటకు ముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమునుబట్టి అనుమతి కావలెనేమో కనుగొనుట మఱువరాదు.

కొబ్బరితోటల సంఘములకు మఱియొక మనవి. తుపాను పోయిన మాసములోనే సభ్యుల తోటలలోని కూలిన మొద్దులను లెక్కించి పుస్తకమున వ్రాసి, వచ్చు వానలలోపల అన్నియు తీరినవని చూచుకొనవలెను. క్రొత్తమొక్కలకు అప్పు ఇచ్చుటకు ముందు, సరిహద్దున మొద్దులున్నవా యని ఒక్క ప్రశ్న అడుగుట వలన ఆ యప్పు తీరునో తీరదో సగము తెలిసిపోవును. వితంతువులును, వృద్ధులును గల ఇండ్ల మొద్దులను మిగిలినవారు ఒకదినము పనిచేసి చీల్చియిచ్చుట పరోపకారము మాత్రమే కాదు. తమ తోటను తాము కాచుకొనుట.

పైన చెప్పిన పెద్దరైతు మాటను మఱల జ్ఞప్తి చేయుచున్నాము: పురుగులకు గట్టు తెలియదు. గట్టున కీవల నున్నవాడును ఆవల నున్నవాడును కలిసి పనిచేయుటకే మన సంఘము లేర్పడినవి. సభ్యులందఱును ఈ మాసమున తమ పొలములను ఒకసారి చుట్టివచ్చి, పడియున్న మొద్దులెన్నియో చూచుకొని, ముందుగా కొబ్బరి మొద్దులకును, పిదప తక్కినవానికిని పని మొదలిడుదురు గాక యని కోరుచున్నాము.